కౌంటర్ వెనక కుర్రాడు

ఢిల్లీలో అశోకా రోడ్డు అనగానే మన తెలుగువాళ్లకు ముందు పప్పన్నం గుర్తొస్తుంది. ఇండియా గేటు దగ్గర రోడ్డులోకి తిరిగామో లేదో ఆంధ్రా భవన్ క్యాంటీన్. పక్కనే నిజాం నవాబు కోసం లుటియెన్స్ గీసిన హైదరాబాద్ హౌస్. అక్కణ్ణుంచి విండ్సర్ ప్లేస్ దాటి, పటేల్ చౌక్ మీదుగా పోతే ఎన్నికల సంఘం ఆఫీసు, చివర్లో బంగళా సాహిబ్ గురుద్వారా. మన ఆకాశవాణి భవన్ కూడా పటేల్ చౌక్‌కు కూతవేటు దూరమే. ఇవాళ చెప్పబోయేది మాత్రం డీజేల గురించి. ఇంత పెద్దమనిషి రోడ్డు మీద వాళ్ల ప్రస్తావన ఎందుకు అంటారేమో. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి ఎనిమిది దాటాక ఈ దారిన వచ్చి చూడండి. ఒకప్పుడు ప్రభుత్వానిదైన కనిష్క హోటల్ ఇప్పుడు షాంగ్రి-లా. ఆ చుట్టుపక్కల పెద్ద హోటళ్ల ముందు గుర్రమెక్కిన పెళ్లికొడుకులు, ఇత్తడి బ్యాండ్లు, లోపల హాల్లో బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి నిలబడిన ఒక పలచటి కుర్రాడు. పెళ్లి లేని రాత్రి ఇలాంటి కుర్రాడే ఏదో ఒక నైట్‌క్లబ్బులో ఉంటాడు. ఢిల్లీలో మద్యం తాగడానికి చట్టం పెట్టిన వయసు 25. కాబట్టి ఇరవై రెండేళ్ల డీజే ఊరందరి చేతా చిందులు వేయించవచ్చు గానీ, అదే బార్లో ఒక బీరు అడగడానికి పనికిరాడు.

ఈ కుర్రాడు ఇక్కడికి ఎలా వచ్చాడు? ఇవాళైతే జవాబు సులువు. ఒక ల్యాప్‌టాప్, ఒక కంట్రోలర్, నాలుగు వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. కానీ ముప్పై నలభై ఏళ్ల కిందట ఈ దారి దాదాపు ఎక్కడైనా ఒకేచోట మొదలయ్యేది. రికార్డుల షాపులో.

దానికి కారణం సంగీతప్రేమ ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. రికార్డు అంటే వస్తువు. అది నీ దగ్గర ఉంటేనే నువ్వు వేయగలవు. కొత్త సరుకు వచ్చిన రోజు పెట్టె విప్పేది షాపు కుర్రాడు. ఒకటే ప్రతి వస్తే అది కౌంటర్ కిందికి పోతుంది. శనివారం రాత్రి క్లబ్బులో ఆ పాట వేయగలిగేవాడు ఊరు మొత్తమ్మీద వీడొక్కడే. దీన్ని మించిన పెట్టుబడి ఇంకేముంటుంది? పైగా రోజంతా షాపులో పాటలు వేస్తుండాలి. ఏ పాట వేస్తే కొనడానికి వచ్చినవాళ్లు తలెత్తి చూశారు, ఏ పాటకు మొహం చిట్లించి బయటికి నడిచారు అన్నది జీతం తీసుకుంటూ గమనించే కొలువది.

ఢిల్లీలో పుట్టిన ఒకాయన కథ ఇక్కడ చెప్పాలి. పేరు బ్యాలీ సాగూ. 1964లో ఢిల్లీలో పుట్టాడు, పసిగుడ్డుగా ఉండగానే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు తీసుకెళ్లారు. ఫౌండ్రీలు, కార్ల ఫ్యాక్టరీలు, వాటిలో పనికి వెళ్లిన పంజాబీలు, మీర్‌పూరీలు, జమైకా నుంచి వచ్చిన నల్లవాళ్లు ఉండే ఊరు. ఇంట్లో లత, రఫీ పాటలు. వీధిలోకి వస్తే రెగ్గే, సోల్, కొన్నాళ్లకు హిప్‌హాప్. కుర్రాడు క్యాసెట్ మీద క్యాసెట్ రికార్డు చేస్తూ ఈ రెంటినీ కలిపే మిక్స్ టేపులతో మొదలుపెట్టాడు.

ఆ ఊళ్లో బాల్సల్ హీత్ అనే పేటలో ఓరియెంటల్ స్టార్ ఏజెన్సీస్ అని ఒక షాపు ఉండేది. ముహమ్మద్ అయూబ్ అనే ఆయన 1966లో పెట్టాడు. ఊరు విడిచి వచ్చిన కూలీలకు ఊరి పాటలమ్మే కొట్టు అది. అమ్మి అమ్మి, జనం ఏమడుగుతున్నారో తెలిసి, చివరికి తామే రికార్డులు తీయడం మొదలుపెట్టారు. 1980లో ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ను ఇంగ్లండుకు రప్పించి కచేరీలు పెట్టించినవాళ్లు వీళ్లే. ఏ కంపెనీ సలహాదారూ చెప్పలేని సంగతి కౌంటర్ దగ్గర తెలుస్తుంది. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన తండ్రి ఖవ్వాలీ అడుగుతాడు, వెంట వచ్చిన కొడుకు ముఖం తిప్పుకుంటాడు. ఆ కొడుకు డబ్బు వేరే షాపులో ఖర్చవుతోందన్నమాట.

ఆ కొడుకుల కోసమే ఈ షాపు నుంచి సాగూ చేతికి పని వచ్చింది. మల్కీత్ సింగ్ పాడిన హే జమాలో పాటను ఇతను క్లబ్బులో వేసే తీరుకు మార్చాడు. 1990లో వామ్ బామ్ అనే ఆల్బం, ఆ తర్వాత నుస్రత్ ఖవ్వాలీలకు డ్రమ్ మెషీను తగిలించిన మ్యాజిక్ టచ్. పెద్దవాళ్లకు అది అపచారంగా తోచి ఉంటే ఆశ్చర్యం లేదు. నా మటుకు నాకు ఆ ఆల్బంలో కొన్ని చోట్ల డ్రమ్ము అనవసరంగా అడ్డు తగులుతుందనిపిస్తుంది, నుస్రత్ గొంతుకు తాళం చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. కానీ ఇంగ్లండులో పెరిగిన పిల్లలు ఖవ్వాలీని తమ కార్లో పెట్టుకోవడానికి ఒక కారణం దొరికింది. తండ్రి అర, కొడుకు అర వేరువేరుగా ఉన్న షాపులో ఆ రెంటినీ ఒకే పళ్లెం మీదికి తెచ్చాడు సాగూ.

తర్వాత సోనీ వాళ్లు పిలిచారు. 1994లో బాలీవుడ్ ఫ్లాష్‌బ్యాక్. 1973 నాటి యాదోం కీ బారాత్‌లోని చురా లియా పాటను తీసుకుని, బేసు పెంచి, మధ్యలో రెగ్గే పలుకులు చేర్చాడు. 1996లో ఇతని దిల్ చీజ్ పాట బ్రిటిష్ చార్టులో 12వ స్థానానికి ఎక్కింది. హిందీ పాట అక్కడి దాకా వెళ్లడం అప్పట్లో మామూలు సంగతి కాదు. ఆ కెరటం వెనక్కి తిరిగి మన మీద కూడా పడింది. తొంభైల చివర, రెండువేల మొదట్లో మన టీవీల నిండా పాత పాటల రీమిక్సులు మోగిన కాలం మీకు గుర్తుండే ఉంటుంది. మంచివి తక్కువ, చెడగొట్టినవి ఎక్కువ. ఆ పాపమంతా సాగూ మీద వేయలేం లెండి.

ఇదే కాలంలో ఢిల్లీ సంగతేమిటి? ఇక్కడా కౌంటర్ ఉంది, కానీ అది డీజేని కాదు, ఒక వ్యాపారిని తయారుచేసింది. దర్యాగంజ్‌లో పళ్లరసం కొట్టు నడిపే కుటుంబంలోని కుర్రాడు గుల్షన్ కుమార్. ఆ కుటుంబం రికార్డులు, క్యాసెట్ల షాపు పెట్టింది. కుర్రాడు అక్కడ కూర్చుని జనానికి కావలసింది చవకగా దొరకడం లేదని గ్రహించాడు. 1983లో సూపర్ క్యాసెట్స్ పెట్టాడు, అదే టీ-సిరీస్. కాపీరైటు చట్టంలో ఉన్న ఒక సందు వాడుకుని పాత పాటలను కొత్త గొంతులతో పాడించి అమ్మాడు. నోయిడా నుంచి బయల్దేరిన ఆ క్యాసెట్లు కిళ్లీకొట్ల దాకా వెళ్లాయి.

క్లబ్బులంటారా, కన్నాట్ ప్లేస్‌లో రీగల్ బిల్డింగులో సెల్లార్ అనే డిస్కో డెబ్బైలలోనే ఉంది. తర్వాత మౌర్య హోటల్లో ఘుంగ్రూ పేరు మోగింది. కానీ కొత్త ఇంగ్లీషు రికార్డు కావాలంటే బజారులో దొరకడం కష్టం. దిగుమతుల మీద ఆంక్షల కాలమది. విదేశాల నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో రావాల్సిందే. మరి మామూలు ఇళ్ల పిల్లలకు కొత్త పాటలు ఎక్కడ వినపడ్డాయి? దానికి జవాబు మన రేడియోలో ఉంది. 1969 జులై 21న ఆకాశవాణి ఢిల్లీలో యువవాణి మొదలైంది. మైకు ముందు కూర్చున్నదీ కుర్రవాళ్లే, వినేదీ కుర్రవాళ్లే. రికార్డు ఎంచుకోవడం, దాని ముందు రెండు మాటలు చెప్పడం, ఒకటి అయిపోతుండగా రెండోది సిద్ధం చేసుకోవడం. డీజే పని ఇంతకంటే ఏముంది?

ఉంది, కొంచెం ఉంది. రేడియోలో ఒక పాట ఆగి రెండోది మొదలవుతుంది. క్లబ్బులో ఆగకూడదు. ఆగితే జనం కూర్చుంటారు. అందుకని రికార్డులు తిప్పే పళ్లేలు రెండు. ఒకటి జనానికి వినిపిస్తుంటుంది, రెండోది డీజే ఒక చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్లో మాత్రమే వినిపిస్తుంటుంది. రెండు పాటల నడక సమానమయ్యేదాకా రెండో దాని వేగాన్ని సవరించి, సమంలో వదలాలి. ఈ పనికి టెక్నిక్స్ కంపెనీ 1972లో తెచ్చిన ఎస్ఎల్-1200 అనే పళ్లెం నిలబడింది. ఆ కంపెనీవాళ్లు దాన్ని చేసింది ఇంట్లో కూర్చుని శ్రద్ధగా వినేవాళ్ల కోసం. బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది కాబట్టి చేత్తో ఆపినా, వెనక్కి తిప్పినా, వదలగానే వెంటనే వేగం అందుకుంటుంది. డీజేలకు కావలసింది అదే. తర్వాతి మోడల్లో వేగాన్ని నూటికి ఎనిమిది వంతులు పెంచడానికీ, తగ్గించడానికీ పక్కన ఒక జారుడు మీట పెట్టారు. 2010లో తయారీ ఆపేశారు, మళ్లీ 2016లో మొదలుపెట్టారు. జనం ఊరుకోలేదు మరి.

షాపు నుంచి క్లబ్బుకు వెళ్లిన దారి అచ్చంగా కనిపించే చోటు ఇంకోటుంది. లండన్ శివార్లలో క్రాయిడన్. అక్కడ బిగ్ యాపిల్ అనే రికార్డు షాపు. కౌంటర్‌లో హాచా అనే డీజే. చుట్టూ తిరిగే పిల్లల్లో ఆలివర్ జోన్స్ ఒకడు, 1986లో పుట్టినవాడు, తర్వాత స్క్రీమ్ పేరుతో ప్రసిద్ధుడు. స్కూలు వయసులోనే ఆ షాపులో పనికి చేరాడు. ఇంటికి వెళ్లి కంప్యూటర్‌లో ఫ్రూటీలూప్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటలు కట్టేవాడు, సీడీలో తెచ్చి హాచాకు ఇచ్చేవాడు. హాచాకు నచ్చితే దాన్ని ఒకే ఒక్క ప్రతిగా మెత్తటి రికార్డు మీద కోయించి, ఫార్వర్డ్ అనే క్లబ్ రాత్రిలో వేసేవాడు. ఆ మెత్తటి రికార్డు కొన్ని పదుల సార్లు తిరిగితే అరిగిపోతుంది. అంటే ఆ పాట వినాలంటే ఆ రాత్రి ఆ గదిలో ఉండాల్సిందే. షాపు 2004లో మూతపడింది. మరుసటి ఏడు స్క్రీమ్ చేసిన మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్ అనే పాటతో డబ్‌స్టెప్ అనే ఆ సంగీతం లోకానికి తెలిసింది.

ఫ్రూటీలూప్స్ పేరు విని మన కరీంనగర్, నల్గొండ, వరంగల్ కుర్రాళ్లు నవ్వుకుంటుంటారు. బెల్జియంవాళ్లు చేసిన ఆ సాఫ్ట్‌వేరే పేరు మార్చుకుని ఎఫ్ఎల్ స్టూడియో అయింది. మన ఊళ్లలో బరాత్‌కు మోగే రీమిక్సులు ఎన్నో అందులోనే పుడుతున్నాయి. పాట మధ్యలో హఠాత్తుగా ఒక గొంతు వచ్చి ఫలానా ఊరి ఫలానా డీజే అని అరుస్తుంది చూశారా, విసుగు పుట్టించే ఆ అరుపు నిజానికి సంతకం. పాట చేతులు మారి పెన్‌డ్రైవుల్లో జిల్లాలు దాటిపోతుంది కాబట్టి పేరు పాటలోనే పొదగాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో రికార్డు షాపు ఉన్నది తక్కువ. కానీ కౌంటర్ లేదనుకోకండి. మైకుసెట్టు షాపు ఉంది. సౌండ్ సర్వీస్ అని బోర్డు, లోపల సైకిలు రిక్షాలో పట్టే సామాను. గొట్టం లౌడు స్పీకర్లు రెండు, ఒక రికార్డు ప్లేయరు, రేకు పెట్టెలో రికార్డులు, ఒక అహూజా ఆంప్లిఫయరు. ఈ అహూజా ఢిల్లీ కంపెనీ. 1940లో ఇక్కడే మొదలైంది. మన పల్లెల్లో పెళ్లి, జాతర, ఎన్నికల ప్రచారం, హరికథ అన్నింటికీ మోగినది ఢిల్లీలో పుట్టిన ఆ డబ్బానే. ఆ పేరు ఏదో మార్వాడీ సేఠ్‌ది అనుకున్నవాళ్లే ఎక్కువ గానీ, ఎక్కడిదని ఆరా తీసినవాళ్లు తక్కువ.

మైకుసెట్టు అబ్బాయి పనిని ఒకసారి గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున చెట్టెక్కి కట్టిన గొట్టంలోంచి సుబ్బులక్ష్మి సుప్రభాతం. పందిట్లో వంటలు మొదలయ్యే వేళకు ఘంటసాల భక్తిగీతాలు. మధ్యాహ్నం పెద్దవాళ్లు మంచాల మీద వాలినప్పుడు నాటకం పద్యాలు. సాయంత్రం నుంచి ఎన్టీఆర్, ఏఎన్ఆర్. ఈ మధ్యలో మగపెళ్లివారి తాలూకు బావగారొకరు వచ్చి ఫలానా పాట వేయవోయ్ అంటాడు, ఆ వెనకే ఆడపెళ్లివారి మేనమామ వచ్చి అది తీసెయ్ అంటాడు. ఇద్దరికీ కోపం రాకుండా గడుపుకురావాలి. ఇంకో సంగతి, ఘంటసాల భగవద్గీత రికార్డు కూడా అదే పెట్టెలో ఉంటుంది. ఊళ్లో ఎవరో పోయారని గొట్టం ద్వారా అందరికీ తెలిసేది దానివల్లే. పెళ్లింట పొరపాటున ఆ ముల్లు దాని మీద పడిందా, ఇక ఆ ఊళ్లో అతనికి కిరాయి దొరకదు. ఏ వేళకు ఏది, ఎవరి ముందు ఏది అన్న వివేకమే డీజే విద్యలో సగం. ఆ సగం మనకు లండన్ నుంచి రాలేదు.

తర్వాత క్యాసెట్ షాపు వచ్చింది. కాగితం మీద పాటలు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ కొనిస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవాడు షాపు కుర్రాడు. దాని తర్వాత సీడీలు, ఆ తర్వాత మొబైల్ షాపులో మెమరీ కార్డులోకి పాటలెక్కించడం. ప్రతి దశలోనూ ఒక కుర్రాడు, ఒక కౌంటర్, ఇవతల అడిగేవాళ్లు. మెమరీ కార్డులు నింపిన తరంలోంచే చాలామంది డీజేలయ్యారు. జిల్లాలో ఏ పాట ఎంతమంది ఎక్కించుకున్నారో వాళ్లకు తెలిసినంతగా సినిమా కంపెనీలకు కూడా తెలియదు. 2022లో డీజే టిల్లు సినిమా వచ్చేనాటికి ఆ పాత్ర ఎవరో విడమరచి చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. ప్రతి బస్తీలో ఒకడున్నాడు.

అయితే ఈ కుర్రాళ్లకు క్రాయిడన్ వాడికి లేని చిక్కొకటి ఉంది. క్లబ్బు సంగీతం నడక నాలుగు లెక్క, చతురశ్రం. మన తీన్‌మార్ డప్పు తిశ్రంలో ఊగుతుంది. సినిమా పాట చతురశ్రంలో నడుస్తుండగా ఒక్కసారిగా తీన్‌మార్‌లోకి దింపాలి, చిందేసేవాళ్ల కాలు తడబడకూడదు. ఒక దెబ్బ ముందు పడ్డా, వెనక పడ్డా బరాత్ మొత్తానికి తెలిసిపోతుంది. మృదంగం వాయించేవాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకునే గతి మార్పును డీసీఎం వ్యాను మీద కూర్చున్న కుర్రాడు మౌస్ మీట మీద చేస్తున్నాడు. దీని గురించి సంగీత సభల్లో ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే బాగుండును.

మోత సంగతి వేరు. కిటికీ అద్దాలు అదిరేంత బేసు, ఆస్పత్రుల ముందు కూడా తగ్గించకపోవడం, గుండె జబ్బు ఉన్నవాళ్ల బాధ, ఇవన్నీ నిజం. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. రాత్రి పది దాటాక ఆరుబయట లౌడు స్పీకర్లు మోగకూడదన్న నిబంధన దేశమంతటికీ 2000 నుంచే ఉంది. అమలు అంతంతమాత్రం. నిషేధం సబబే అనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కాకపోతే వాల్యూము పెంచమన్నది ఎవరు? కుర్రాడికి ఐదు వేలు ఎక్కువిచ్చి పక్క వీధి కంటే మనది గట్టిగా మోగాలన్న కమిటీ పెద్దలు ఆ ఉత్తర్వులో ఎక్కడా కనపడరు.

అశోకా రోడ్డు హోటల్లో వాడికి ఈ బాధ తక్కువ, నాలుగు గోడల మధ్య పని కాబట్టి. వేరే తంటాలున్నాయి. క్లబ్బులో పాట వేస్తే లైసెన్సు కావాలి. అదే పాట పెళ్లి ఊరేగింపులో వేస్తే అక్కర్లేదు. కాపీరైటు చట్టంలో 52వ సెక్షన్ మతపరమైన వేడుకలను మినహాయించింది, పెళ్లి వేడుకలు కూడా అందులోకే వస్తాయని 2023 జులైలో కేంద్రం ఒక నోటీసు ద్వారా మళ్లీ చెప్పింది. అందుకే శుక్రవారం క్లబ్బులో, శనివారం పెళ్లిలో పనిచేసే డీజేకి ఒకే పాట ఒక రాత్రి లైసెన్సు మీద నడుస్తుంది, మర్నాటి రాత్రి ఉచితం.

రికార్డు షాపుల్లో చాలావరకు పోయాయి. బొంబాయి రిథమ్ హౌస్ 2016లో మూసేశారు. బర్మింగ్‌హామ్ ఓరియెంటల్ స్టార్ యాభై ఏళ్లు నడిచి 2017లో మూతపడింది. ఢిల్లీలో చాందినీ చౌక్‌లో న్యూ గ్రామఫోన్ హౌస్ ఉంది. దేశ విభజనప్పుడు లాహోర్ నుంచి వచ్చిన షాపు. జామా మసీదు పక్కన మీనా బజారులో షా మ్యూజిక్ సెంటర్. వెళ్లి చూస్తే వెంకటేశ్వర సుప్రభాతం పక్కన బీటిల్స్, దాని పక్కన షోలే డైలాగుల రికార్డు కనిపించినా కనిపించవచ్చు. ఈమధ్య రికార్డులు అడిగేవాళ్లలో పాతికేళ్ల లోపు పిల్లలు కూడా ఉంటున్నారు.

మరి కౌంటర్ లేకుండా ఎదిగిన డీజే ఆ వివేకం ఎక్కడ నేర్చుకుంటాడు? ఫోను అన్ని పాటలూ ఇస్తుంది, తర్వాత ఏది వేయాలో కూడా చెబుతుంది. ఎదుటి మనిషి ముఖం చిట్లించడం దానికి కనపడదు. అది పెళ్లిళ్లలోనే కనపడుతుంది. ఇప్పుడు బావగారు పందిట్లోకి వచ్చి కేకేయరు. ఫోను తెర మీద పాట పేరు పెద్ద అక్షరాల్లో టైపు చేసి, వెలుగు పెంచి, డీజే కళ్ల ముందు ఆడిస్తారు. ఆ వెనకే మేనమామ ఇంకో ఫోనుతో సిద్ధం. డీజే తలూపుతాడు, వేలితో ఒక్క నిమిషం అన్నట్టు సైగ చేస్తాడు, ఇద్దరూ అడగని మూడో పాట వేస్తాడు. ఇద్దరూ చిందేశారా, వాడికి పై నెలకు రెండు పెళ్లిళ్లు ఖాయం.